వెనుక యాక్సిల్ ఆయిల్ సీలు: లీకు, మరమ్మతు

నిర్వచనం, పరిధి

ఇంజను శక్తి వెనుక చక్రాలకు అందే కార్లలో, చక్రాన్ని తిప్పే షాఫ్టు యాక్సిల్ హౌసింగులోంచి బయటికి వచ్చే చోట బిగించి ఉండే రబ్బరు అంచు వలయమే వెనుక యాక్సిల్ ఆయిల్ సీలు. హౌసింగులోని గేరు ఆయిల్ బ్రేకు డ్రమ్ములోకి రాకుండా, బయటి నీరు, దుమ్ము లోపలికి పోకుండా అది అడ్డుకుంటుంది. కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి చొప్పున రెండు సీళ్లు ఉంటాయి. ప్రొపెల్లర్ షాఫ్టు డిఫరెన్షియల్‌తో కలిసే చోట ఉండే పినియన్ సీలు కూడా ఈ కుటుంబానిదే. అయితే దాన్ని మార్చేటప్పుడు పినియన్ బేరింగుల బిగువును మళ్లీ సరిచూడాలి కనుక అది వేరే పని.

ఈ సీలు అన్ని కార్లకూ ఉండదు. ఆల్టో, స్విఫ్ట్ వంటి ముందు చక్రాలతో నడిచే కార్లలో వెనుక హబ్బుల్లో గ్రీజు తప్ప ఆయిల్ ఉండదు. వాటిలో వెనుక చక్రం లోపలి వైపు తడి కనిపిస్తే ముందుగా బ్రేకు ఆయిల్ లీకునే అనుమానించాలి. మారుతీ ఓమ్నీ, ఈకో, జిప్సీ, మహీంద్రా బొలేరో, టాటా సుమో, టయోటా క్వాలిస్, ఇన్నోవా, ఇన్నోవా క్రిస్టా, వీటన్నిటికీ ముందు నుంచీ రోడ్ల మీద ఉన్న అంబాసిడర్, ఇవన్నీ గొట్టపు హౌసింగు ఉన్న వెనుక యాక్సిల్ వాహనాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో టాక్సీలుగా, స్కూలు వ్యాన్లుగా, సరుకు బళ్లుగా ఎక్కువగా తిరిగేవి వీటిలోనే చాలా ఉన్నాయి.

నిర్మాణం, పనితీరు

సీలుకు మూడు ముఖ్య భాగాలు. హౌసింగు గూట్లో బిగుతుగా కూర్చునే ఉక్కు తొడుగు మొదటిది. దానికి అతికిన రబ్బరు అంచు రెండోది. ఆ అంచును షాఫ్టు మీదికి చుట్టూ ఒకే ఒత్తిడితో నొక్కి ఉంచే సన్నని చుట్ట స్ప్రింగు మూడోది. చాలా సీళ్లకు బయటి వైపు స్ప్రింగు లేని మరో చిన్న అంచు కూడా ఉంటుంది. అది దుమ్మును ఆపడానికి.

రబ్బరు అంచు షాఫ్టును పూర్తిగా పొడిగా రాసుకుంటూ ఉండదు. రెంటి మధ్యా సుమారు ఒక మైక్రాన్ మందం ఉన్న ఆయిల్ పొర నిలుస్తుంది. అంచు సూక్ష్మ నిర్మాణం వల్ల, షాఫ్టు తిరిగే కొద్దీ ఆ ఆయిల్ తిరిగి హౌసింగు వైపుకే నెట్టబడుతుంది. అంటే మంచి సీలు ఒక చిన్న పంపులా కూడా పనిచేస్తుంది. షాఫ్టు మరీ గరుకుగా ఉంటే అంచు అరిగిపోతుంది. మరీ నున్నగా ఉంటే ఆయిల్ పొర నిలవక అంచు మాడుతుంది. అందుకే సీలు ఆనే చోట షాఫ్టు గరుకుదనాన్ని 0.2 నుంచి 0.8 మైక్రాన్ల మధ్య ఉండేలా సానపడతారు.

అంచుకు మామూలుగా వాడేది నైట్రైల్ రబ్బరు. సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వరకు అది మన్నుతుంది. అంతకు మించిన వేడికి ఎక్రిలిక్ రబ్బరును, ఇంకా ఎక్కువైతే 200 డిగ్రీల దాకా తట్టుకునే ఫ్లోరో రబ్బరును వాడతారు. చక్రం చుట్టుకొలత 2 మీటర్లు అనుకుంటే, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో యాక్సిల్ షాఫ్టు నిమిషానికి దాదాపు 670 చుట్లు మాత్రమే తిరుగుతుంది. ఇంజను క్రాంకు షాఫ్టుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కాబట్టి ఈ సీలును దెబ్బతీసేది వేగం కాదు. పక్కనే ఉన్న బ్రేకు వేడి, రోడ్డు బురద, బేరింగు వదులైనప్పుడు షాఫ్టు చేసే ఊగిసలాట దాని అసలు శత్రువులు.

చరిత్ర

తొలి దశాబ్దాల మోటారు కార్లలో ఊలు ఫెల్టు వలయాలు, తోలు వలయాలే ఈ పని చేసేవి. చిక్కటి ఆయిల్‌ను, గ్రీజును అవి కొంతమేరకు ఆపేవి. 1920ల రెండో సగంలో అమెరికాలో ప్యాకార్డ్ కార్లతో హైపాయిడ్ క్రౌన్, పినియన్ గేర్లు ప్రవేశించాయి. వీటి పళ్ల మధ్య రాపిడి ఎక్కువ. దాన్ని తట్టుకోవడానికి గంధకం వంటి రసాయనాలు కలిపిన గేరు ఆయిళ్లు అవసరమయ్యాయి. వాటిని ఆపడానికి మెరుగైన సీళ్లు కావలసి వచ్చాయి.

జర్మనీలోని వైన్‌హైమ్‌లో తోళ్ల పరిశ్రమగా ఎదిగిన ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థలో ఇంజనీరు వాల్టర్ సిమ్మర్ లోహపు తొడుగులో తోలు అంచును బిగించిన సీలును రూపొందించాడు. అది సిమ్మరింగ్ పేరుతో ప్రసిద్ధమైంది. జర్మనీలోనే నైట్రైల్ రబ్బరు తయారయ్యాక 1930ల్లో తోలు స్థానంలోకి సింథటిక్ రబ్బరు వచ్చింది. ఉక్కు తొడుగు, రబ్బరు అంచు, చుట్ట స్ప్రింగు అనే ఏర్పాటు నేటికీ దాదాపు అలాగే ఉంది. మారినవి రబ్బరు రకం, అంచు ఆకారం.

యాక్సిల్ రకాలు, సీలు స్థానం

మరమ్మతు ఎంత కష్టమో యాక్సిల్ రకాన్ని బట్టి ఉంటుంది. కార్లలో ఎక్కువగా కనిపించేది సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్. ఇందులో షాఫ్టు చక్రాన్ని తిప్పడంతో పాటు బండి బరువును కూడా మోస్తుంది. ఇది మళ్లీ రెండు విధాలు.

మొదటి విధంలో బేరింగు, దాని పక్కన ఒక బిగుతు రింగు, రెండూ షాఫ్టు మీదికే ప్రెస్‌తో ఎక్కించి ఉంటాయి. బ్రేకు పళ్లెం వెనుక సాధారణంగా ఉండే నాలుగు నట్లు విప్పితే షాఫ్టు బేరింగుతో సహా బయటికి వస్తుంది. భారతదేశంలో తిరిగే జపాన్ మూలాల వాహనాల్లో ఇదే ఎక్కువ. సీలు హౌసింగు గూట్లో, బేరింగుకు లోపలి వైపున ఉంటే పని సులువు. అదే బేరింగుతో పాటు షాఫ్టు మీద చిక్కుకుని ఉంటే, రింగునూ బేరింగునూ తీయకుండా సీలు రాదు.

రెండో విధం అమెరికన్ కార్లలో, పికప్పుల్లో ఎక్కువ. షాఫ్టు లోపలి చివరను డిఫరెన్షియల్ లోపల సి ఆకారపు క్లిప్పు పట్టి ఉంచుతుంది. డిఫరెన్షియల్ వెనుక మూత తీసి, లోపలి అడ్డ పిన్నును లాగి, షాఫ్టును లోపలికి నెట్టి క్లిప్పును తీస్తేనే షాఫ్టు ఊడుతుంది. పిన్ను తీసి ఉన్నప్పుడు షాఫ్టును తిప్పకూడదు. తిప్పితే లోపలి చిన్న గేర్లు స్థానం తప్పుతాయి. అమెరికాలో ఇలాంటి బళ్లు నడిపే తెలుగువారికి ఎదురయ్యేది ఎక్కువగా ఈ రకమే.

విల్లీస్ నమూనాతో ఇక్కడ తయారైన పాత మహీంద్రా జీపుల్లో షాఫ్టు చివర శంకు ఆకారంలో ఉండి హబ్బు దాని మీద గట్టిగా బిగిసి ఉంటుంది. దాన్ని తీయడానికి బలమైన పుల్లరు కావాలి. లారీల్లో ఉండే ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్లో బరువును హబ్బు బేరింగులే మోస్తాయి. షాఫ్టును చక్రం విప్పకుండానే బయటికి లాగవచ్చు, కానీ సీలు హబ్బు వెనుక ఉంటుంది.

లీకుకు కారణాలు

సీలు లీకవుతోందంటే సీలే చెడిందని అనుకోవడం సహజం. చాలాసార్లు అది నిజమూ అవుతుంది. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడి, అంచు పగిలి, స్ప్రింగు ఒత్తిడి తగ్గిపోతుంది. అయితే కొత్త సీలు వేసిన కొద్ది వారాలకే మళ్లీ లీకు మొదలైతే మూలం వేరే చోట ఉన్నట్టే. అలాంటి కారణాలు ముఖ్యంగా మూడు.

మొదటిది షాఫ్టు మీద గాడి. రబ్బరు మెత్తనిదే అయినా, అంచు కింద చిక్కిన దుమ్ము సానరాయిలా పనిచేసి ఉక్కు షాఫ్టును చుట్టూ కోస్తుంది. కొత్త అంచు ఆ గాడిలో సరిగా ఆనదు.

రెండోది అరిగిన బేరింగు. షాఫ్టు కేంద్రం నుంచి మిల్లీమీటరులో రెండు మూడు పదో వంతుల వరకు ఊగితే అంచు దాన్ని అనుసరించగలదు. అంతకు మించితే ఒక పక్క సందు ఏర్పడుతుంది, ఎదురు పక్క అంచు నలిగిపోతుంది. పాత సీలు అంచు ఒక పక్కనే ఎక్కువ అరిగి ఉంటే బేరింగును అనుమానించాలి.

మూడోది, అందరూ మరిచేది, బ్రీదర్. హౌసింగు పైభాగంలో గాలి పోవడానికి ఉండే చిన్న మూత లేదా గొట్టమిది. బురదతో అది మూసుకుపోతే లోపలి గాలికి దారి ఉండదు. 30 డిగ్రీల దగ్గర ఉన్న గాలి 90 డిగ్రీలకు వేడెక్కితే మూసిన చోట దాని పీడనం దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. ఈ సీళ్లు అతి తక్కువ పీడనానికే రూపొందినవి కనుక ఆయిల్ అంచు దాటి బయటికి వస్తుంది. దీనికి తిరగబడ్డ పరిస్థితి వానాకాలంలో కనిపిస్తుంది. వేడిగా ఉన్న యాక్సిల్ వాగులోనో వరద నీటిలోనో మునిగి ఒక్కసారిగా చల్లబడితే లోపల పీడనం తగ్గి, బ్రీదర్ ద్వారా, సీలు ద్వారా నీళ్లు లోపలికి పోతాయి. అప్పుడు ఆయిల్ పాలు పోసిన టీ రంగుకు మారుతుంది. ఆ ఆయిల్‌ను వెంటనే మార్చాలి.

అవసరానికి మించి ఆయిల్ పోయడం, సీలును వంకరగా బిగించడం, షాఫ్టు తిరిగి ఎక్కించేటప్పుడు పళ్ల అంచుతో రబ్బరును గీయడం కూడా కారణాలే.

గుర్తించడం

చక్రం లోపలి వైపున, బ్రేకు పళ్లెం కింది అంచున, టైరు పక్క గోడ మీద దుమ్ముతో కలిసిన నల్లటి జిడ్డు మొదటి గుర్తు. అది గేరు ఆయిలా, బ్రేకు ఆయిలా అన్నది ముందుగా తేల్చుకోవాలి. గేరు ఆయిల్ చిక్కగా ఉండి గంధకం వాసన ఘాటుగా వస్తుంది. బ్రేకు ఆయిల్ పలుచగా ఉంటుంది, నీళ్లలో కలిసిపోతుంది, పెయింటును తినేస్తుంది. బానెట్ కింద బ్రేకు ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గి ఉంటే లీకు చక్రం దగ్గరి వీల్ సిలిండర్‌ది. అప్పుడు ఈ సీలును ముట్టుకోవాల్సిన పనే లేదు.

చక్రాన్ని పైకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట తెలియడం, బండి నడుస్తున్నప్పుడు వేగంతో పాటు పెరిగే హోరు వినిపించడం బేరింగు అరిగిందనడానికి సూచనలు. ఇవి ఉంటే సీలుతో పాటు బేరింగు కూడా కొనిపెట్టుకోవాలి.

భద్రత

బండిని చదునైన గట్టి నేల మీద ఉంచాలి. డ్రమ్ము ఊడాలంటే హ్యాండ్‌బ్రేకు వదలాలి. ఒక వెనుక చక్రం గాల్లో ఉన్నప్పుడు గేరులో ఉంచినా బండి ఆగదు, ఎందుకంటే డిఫరెన్షియల్ ఆ చక్రాన్ని స్వేచ్ఛగా తిరగనిస్తుంది. ఆ సమయంలో బండిని కదలకుండా ఆపేవి ముందు చక్రాలకు రెండు వైపులా పెట్టిన అడ్డుచెక్కలు మాత్రమే. జాకీ లేపడానికే, బరువు నిలపాల్సింది యాక్సిల్ స్టాండ్ల మీద. ఇటుకలు, రాళ్లు ఉన్నట్టుండి పగిలిపోతాయి కనుక వాటిని వాడకూడదు.

పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. డ్రమ్ములోని పొడిని నోటితో గానీ గాలి పంపుతో గానీ ఊదకూడదు. తడి గుడ్డతో తుడవాలి, లేదా బ్రేకు క్లీనరుతో కడగాలి.

విప్పడం

చక్రం నట్లను బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, తర్వాత లేపి చక్రం తీయాలి. హౌసింగు ఆయిల్ తీసే ముందు, పోసే రంధ్రం బోల్టు ఊడుతుందో లేదో చూసుకోవాలి. అది తుప్పుతో పట్టేసి ఉండగా కింది బోల్టు విప్పి ఆయిల్ ఖాళీ చేస్తే తిరిగి పోయడానికి దారి ఉండదు. ఒక పక్కనే లేపితే ఆయిల్ రెండో పక్కకు జారుతుంది కనుక ఆయిల్ తీయకుండా సీలు మార్చడం సాధ్యమే. కానీ ఆయిల్ నల్లబడి ఉన్నా, నీళ్లు కలిసినా మార్చడమే మంచిది.

డ్రమ్ము తుప్పుతో పట్టేసి ఉంటే, చాలా జపాన్ నమూనా డ్రమ్ములకు ముఖం మీద రెండు మర రంధ్రాలు ఉంటాయి. వాటిలో తగిన బోల్టులను సమానంగా బిగిస్తూ పోతే డ్రమ్ము బయటికి వస్తుంది. షూలు డ్రమ్ము గట్టును పట్టుకుని ఉంటే ముందు వాటి అడ్జస్టరును వెనక్కి తిప్పాలి.

బ్రేకు పళ్లెంతో సహా షాఫ్టు ఊడే అమరికల్లో బ్రేకు పైపును, హ్యాండ్‌బ్రేకు కేబులును విడదీయాలి. పైపు నట్టుకు మామూలు స్పానరు వాడితే మూలలు అరిగిపోతాయి. పైపు నట్లకోసమే చేసిన స్పానరు ఉంటే పని సుఖంగా సాగుతుంది. పైపు చివరను వెంటనే మూయాలి. తర్వాత వెనుక నట్లు తీసి, జారుడు సుత్తి పుల్లరుతో షాఫ్టును లాగాలి. పుల్లరు లేనిచోట పాత డ్రమ్మును తిరగేసి, చక్రం నట్లను కొన్ని మరలు మాత్రమే ఎక్కించి, డ్రమ్మును కుదుపుతో బయటికి లాగడం గ్యారేజీల్లో ఉన్న పద్ధతి. షాఫ్టు బరువును చేత్తో మోస్తూ, గొట్టానికి సూటిగా బయటికి తేవాలి.

సీలు తీయడం, షాఫ్టు పరీక్ష

హౌసింగులోని సీలును కొక్కెం ఉన్న సీలు పుల్లరుతో గానీ మొద్దు పట్టీతో గానీ లాగి తీయాలి. తీసేముందు అది గూట్లో ఎంత లోతున ఉందో, ఏ వైపు తిరిగి ఉందో గుర్తుపెట్టుకోవాలి. గూటి గోడ మీద పడిన గీత తర్వాత లీకుకు దారి అవుతుంది.

షాఫ్టు మీద సీలు ఆనే పట్టీని శుభ్రంగా తుడిచి, దానికి అడ్డంగా గోరు లాగి చూడాలి. మెరిసే గీత మాత్రమే కనిపించి గోరుకు తగలకపోతే షాఫ్టు బాగున్నట్టే. గోరు గాడిలో పడితే మూడు దారులున్నాయి. గూట్లో చోటు ఉంటే కొత్త సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టి అంచును గాడి తప్పించవచ్చు. లేదా షాఫ్టు మీద పలుచని స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగు ఎక్కించవచ్చు. ఇలాంటి తొడుగుల గోడ మందం సుమారు 0.28 మిల్లీమీటర్లే కనుక అదే సైజు సీలు సరిపోతుంది. రెండూ కుదరకపోతే షాఫ్టు మార్చాలి. గాడిని ఎమెరీ కాగితంతో పొడవుగా రుద్దడం తప్పు. అలా పడ్డ గీతలు ఆయిల్‌ను బయటికి నడిపిస్తాయి.

బేరింగు మార్చాల్సి వస్తే ఇంటి పని అక్కడితో ఆగాలి. పాత బిగుతు రింగును సగం లోతు వరకు డ్రిల్లుతో తొలిచి ఉలితో చీల్చవచ్చు, కానీ కొత్త బేరింగును, రింగును ఎక్కించడానికి హైడ్రాలిక్ ప్రెస్ కావాలి. లేత్ షాపులో ఆ పని త్వరగా అయిపోతుంది. తీసిన రింగును తిరిగి వాడకూడదు. షాఫ్టు చక్రం వైపు జారకుండా నిలిపి ఉంచే పట్టు ఆ రింగుదే. అది జారితే షాఫ్టు చక్రంతో సహా బయటికి వస్తుంది.

కొత్త సీలు బిగించడం

సీలు మీద ముద్రించిన అంకెలు మామూలుగా షాఫ్టు వ్యాసం, గూటి వ్యాసం, వెడల్పు, ఈ వరుసలో మిల్లీమీటర్లలో ఉంటాయి. పాతదాని పక్కన పెట్టి అంకెలూ అంచు దిశా పోల్చాలి. దుకాణంలో ఏళ్లుగా పడి ఉండి గట్టిపడ్డ సీలును తీసుకోకూడదు.

స్ప్రింగు కనిపించే వైపు ఆయిల్ వైపుకు తిరిగి ఉండాలి. గూడు శుభ్రం చేశాక, సీలు వెలుపలి అంచు ఉట్టి లోహమైతే పలుచగా సీలెంట్ పూయాలి. రబ్బరు పూత ఉంటే కాస్త ఆయిల్ చాలు. లోపలి అంచుకు గేరు ఆయిల్ గానీ గ్రీజు గానీ పూయడం తప్పనిసరి. పొడి అంచు మొదటి నిమిషాల్లోనే మాడుతుంది. సీలు బయటి వ్యాసం కంటే కొంచెం చిన్నదైన సాకెట్టునో, చదునుగా కోసిన పైపు ముక్కనో ఆనించి, చుట్టూ సమానంగా కొడుతూ పాత లోతుకు దించాలి. సుత్తితో నేరుగా ఒక పక్కన కొడితే తొడుగు వంగుతుంది.

షాఫ్టును తిరిగి ఎక్కించేటప్పుడు దాని బరువు సీలు మీద పడనివ్వకూడదు. లోపలి చివరి పళ్లు డిఫరెన్షియల్ గేరులో కుదిరే వరకు నెమ్మదిగా తిప్పుతూ నెట్టాలి. నట్లను ఎదురెదురుగా, తయారీదారు మాన్యువల్లో ఇచ్చిన టార్క్‌కు బిగించాలి. ఈ అవకాశంలోనే బ్రీదర్‌ను విప్పి, శుభ్రం చేసి, గాలి ఆడుతోందో లేదో చూడాలి. ఇది చేయకుండా సీలు మార్చడం అసంపూర్తి మరమ్మతు.

బ్రేకు లైనింగుపై ఆయిల్

సీలు లీకులో అసలు ప్రమాదం ఆయిల్ నష్టం కాదు, బ్రేకు. లైనింగు ఆయిల్‌ను లోపలికి పీల్చుకుంటుంది. పెట్రోలుతో కడిగినా, ఎమెరీ కాగితంతో రుద్దినా, మంట మీద కాల్చినా పైపొరే పోతుంది. వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది. ఆయిల్ తడిసిన చక్రం బ్రేకు పట్టదు. కొద్దిగా తడిసినప్పుడు ఉన్నట్టుండి పట్టేయడం కూడా జరుగుతుంది. రెండు సందర్భాల్లోనూ కుడి ఎడమ చక్రాల పట్టు సమానంగా ఉండదు, తడి రోడ్డు మీద బండి వెనుక భాగం పక్కకు జారుతుంది.

అందువల్ల తడిసిన షూలను మార్చాలి, ఒక పక్కకే కాకుండా రెండు పక్కలా. డ్రమ్ము లోహమే కనుక బ్రేకు క్లీనరుతో కడిగి తిరిగి వాడుకోవచ్చు. పైపు విప్పి ఉంటే, మాన్యువల్లో చెప్పిన డాట్ 3 లేదా డాట్ 4 బ్రేకు ఆయిల్ పోసి గాలి పూర్తిగా పోయేదాకా బ్లీడింగ్ చేయాలి. పెడల్ గట్టిగా నిలవనంత వరకు బండిని రోడ్డెక్కించకూడదు.

ఆయిల్ నింపడం, పరిశీలన

వెనుక యాక్సిళ్లకు సాధారణంగా 80డబ్ల్యు-90 చిక్కదనం గల జీఎల్-5 గేరు ఆయిల్ వాడతారు. ఖచ్చితమైన రకం మాన్యువల్ చెబుతుంది. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంటే దానికి తగిన ప్రత్యేక ఆయిల్ కావాలి. బండి నాలుగు చక్రాల మీద చదునుగా నిలిచి ఉన్నప్పుడు, పోసే రంధ్రం కింది అంచు వరకు ఆయిల్ వస్తే చాలు. లీకును ఆపుతాయని చెప్పి అమ్మే మందులు రబ్బరును కొంత ఉబ్బిస్తాయి. గట్టిపడ్డ అంచుకు అవి కొన్నాళ్లు సాయపడవచ్చు గానీ, షాఫ్టు గాడికి, బేరింగు అరుగుదలకు పనికిరావు.

కొన్ని కిలోమీటర్లు నడిపాక ఆయిల్ మట్టం, బ్రేకు పళ్లెం కింది అంచు మళ్లీ చూడాలి. 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత చక్రం నట్ల బిగువును సరిచూడాలి. ముందు చిందిన ఆయిల్ పళ్లెం మడతల్లో మిగిలి కొన్ని రోజులు కారవచ్చు కనుక, బిగించేటప్పుడే ఆ భాగమంతా కడిగి ఉంచితే కొత్త లీకును పాత జిడ్డు నుంచి వేరుచేసి గుర్తించవచ్చు.

వాడిన ఆయిల్

భారతదేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నియమాల కిందికి వాడిన ఆయిల్ వస్తుంది. మురుగు కాలువలోకి, నేల మీదికి దాన్ని పారబోయకూడదు. మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్‌ను తీసుకునే సర్వీసు కేంద్రానికి ఇవ్వాలి. బ్రేకు ఆయిల్‌ను అందులో కలపకుండా వేరుగా ఉంచాలి. ఆయిల్ పీల్చిన గుడ్డలను ఇంట్లో కుప్పగా నిల్వ చేయకుండా, నిప్పుకు దూరంగా ఉంచి తొలగించాలి.